ఆడిన గంటలకూ కూలి కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కూర్చొని రాతతో నాలుగు రూపాయలు సంపాదించుకునే మార్గాల గురించి మీ పత్రిక యువత పేజీలో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో వీడియో గేముల సమీక్షలు రాయడాన్ని కూడా ఒక మార్గంగా చెప్పడం చూశాను. ఆ పని చేయించుకునే పక్షాన ఉన్నవాడిగా, అందులో కొంతకాలం తప్పుగా నడుచుకున్నవాడిగా, ఈ విషయంలో కొన్ని వివరాలు మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను గంజాం జిల్లా బరంపురంలో డీటీపీ షాపు నడుపుతాను. ఒడియాలోను, తెలుగులోను శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కంపోజ్ చేసి ఇవ్వడం మా జీవనాధారం. దానితోపాటు నాలుగేళ్లుగా తెలుగులో వీడియో గేముల సమీక్షలు వేసే చిన్న వెబ్‌సైటు ఒకటి నిర్వహిస్తున్నాను. మొదటి ఏడాదిన్నర కాలం ఆ సైటుకు రాసినవారికి నేను ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. సైటుకు ఆదాయం లేదు కనుక ఇవ్వనవసరం లేదని, రాసినవారికి పేరు వస్తుంది కనుక అదే చాలునని నిజంగానే నమ్మాను.

ఆ రోజుల్లో గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రవాడు మాకు పదకొండు సమీక్షలు రాశాడు. ఫోనులో ఆడే ఆటల గురించి అంత ఓపికగా, అంత నిజాయితీగా రాసినవారిని నేను అంతకుముందు చూడలేదు. ఒక ఆట ఎన్నో లెవెల్‌కు వచ్చాక డబ్బు పెట్టి కొనక తప్పని పరిస్థితి కల్పిస్తుందో, ఏ అప్‌డేట్ తర్వాత ఫోను వేడెక్కడం మొదలైందో తేదీలతో సహా రాసేవాడు. చదువు ముగిశాక అతడు ఒక మొబైల్ షాపులో చేరాడు. పన్నెండో సమీక్ష ఎప్పుడు పంపుతావని నేను అడిగితే, "రాత్రంతా గేమ్ ఆడి రాస్తే పొద్దున్న షాపులో నిలబడలేకపోతున్నానండీ, ఏమీ అనుకోకండి" అని జవాబిచ్చాడు. ఆ మాట వచ్చిన సాయంత్రమే, ప్రతిరోజూ చేసినట్టుగానే, మా ఆపరేటరుకు ఆనాడు కంపోజ్ చేసిన పేజీల లెక్క చూసి డబ్బు చేతికిచ్చాను. ఒకరు రాసిన మాటలను కీబోర్డు మీద కొట్టినవారికి పేజీకి ఇంత అని లెక్కకట్టి పొద్దు గూకేలోగా ఇస్తున్న నేను, ఆ మాటలు రాసినవారికి మాత్రం పేరు చాలునని ఏ ముఖంతో చెబుతున్నానో నాకే అర్థం కాలేదు. మా ఆపరేటరుతో ఎన్నడూ నేను "నీకు పేరు వస్తుంది, ఈ శుభలేఖ ఊరికే కొట్టిపెట్టు" అని అనలేదు. అన్నా ఆయన ఊరుకునేవారు కాదు.

గేమ్ సమీక్షకు కూలి కట్టడంలో ఉన్న అసలు చిక్కు ఏమిటంటే, ఆ పనిలో ఎక్కువ భాగం కాగితం మీద కనిపించదు. సినిమా సమీక్షకుడు రెండున్నర గంటలు కూర్చొని చూస్తే రాయడానికి సిద్ధమవుతాడు. 2015లో వచ్చిన ది విచర్ 3 ఆటలో ప్రధాన కథ మాత్రమే పూర్తి చేయాలన్నా సుమారు 50 గంటలు పడుతుంది. పక్క కథలు కూడా చూడాలంటే ఆ లెక్క రెట్టింపవుతుంది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ వంటి కష్టమైన ఆటలో ఒక్క శత్రువును దాటడానికే ఒక సాయంత్రం గడిచిపోవచ్చు. అంత ఆడిన తర్వాత రాసేది ఎనిమిది వందల మాటలు. మాటకు అర్ధ రూపాయి చొప్పున కట్టే సైటులో ఆ సమీక్షకు నాలుగు వందల రూపాయలు వస్తాయి. 50 గంటల ఆటకు ఎనిమిది గంటల రాత కలిపి చూస్తే గంటకు ఏడు రూపాయలు కూడా పడదు. మాటల లెక్కన చెల్లించే పద్ధతి వార్తలకు, అనువాదాలకు సరిపోతే సరిపోవచ్చు. గేమ్ సమీక్ష విషయంలో మాత్రం అది ఆడకుండా రాసేవాడికి లాభం, ఆడి రాసేవాడికి నష్టం చేసే పద్ధతి.

ఆ నష్టం చివరికి చేరేది పాఠకుడికే. కంప్యూటరు ఆటలను ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్ స్టోరులో కొన్న ఆటను, కొన్న 14 రోజుల్లోగా, రెండు గంటలకు మించి ఆడకపోతే, తిరిగి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. నచ్చని ఆటను కొని మోసపోకుండా కొనుగోలుదారుకు కల్పించిన మంచి సౌకర్యమది. తగిన ప్రతిఫలం లేని సమీక్షకులు కొందరు దీన్ని మరోవిధంగా వాడుకుంటారు. గంటా యాభై నిమిషాలు ఆడి, ఆటను వెనక్కి ఇచ్చేసి, మిగిలిన కథను ఇతరుల వీడియోల్లో చూసి సమీక్ష పూర్తి చేస్తారు. వారిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. మూడు వేల రూపాయల ఆటను సొంత డబ్బుతో కొని, నాలుగు వందల రూపాయల సమీక్ష రాయమని అడిగినవారిదే అందులో పెద్ద తప్పు.

ఉచితంగా వచ్చే రివ్యూ కోడ్ గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ఆట విడుదలకు ముందే దాన్ని తయారుచేసిన కంపెనీలు, డబ్బు కట్టకుండా ఆటను దించుకోవడానికి వీలుగా సమీక్షకులకు ఒక కోడ్ పంపుతాయి. ఫలానా రోజు, ఫలానా గంట వరకు ఏమీ ప్రచురించరాదన్న ఎంబార్గో నిబంధన దానితోపాటే వస్తుంది. "నీకు మూడు వేల రూపాయల ఆట ఊరికే వచ్చింది కదా, ఇంకా డబ్బెందుకు?" అని అడిగే నిర్వాహకులు ఉన్నారు. నేనూ ఒకసారి అలాగే అన్నాను. కోడ్ అనేది పనిముట్టు. తాపీమేస్త్రీకి ఇసుక, సిమెంటు ఇచ్చి అదే కూలి అనుకోమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా పనిముట్టు ఇచ్చినవాడి చేతిలో కొంత అధికారం ఉండిపోతుంది. 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు ఏం జరిగిందో గేములు ఆడేవారికి గుర్తుండే ఉంటుంది. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటరు మీద ఆడే ప్రతులు మాత్రమే అందాయి. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వంటి పాత యంత్రాల మీద ఆ ఆట ఎంత అధ్వానంగా నడుస్తుందో, కొన్న తర్వాత గానీ జనానికి తెలియలేదు. వారం గడవగానే, డిసెంబరు 18న, సోనీ ఆ ఆటను తన ప్లేస్టేషన్ స్టోరు నుంచి తొలగించింది. మళ్లీ 2021 జూన్‌లో గానీ అమ్మకానికి పెట్టలేదు. తన సొంత ఖర్చుతో ఆట కొని, పాఠకుడి దగ్గర ఉన్న యంత్రం లాంటి యంత్రం మీదే ఆడి చూడగల స్తోమత చిన్న సైటుకు కూడా ఉండాలని నేను అనడానికి కారణమిది.

మా ప్రాంతం వరకు ఆ యంత్రం ఫోనే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం యువకుల్లో ప్లేస్టేషన్ ఉన్నవారు బహు తక్కువ. పది పన్నెండు వేల రూపాయల ఫోనులో, నాలుగు జీబీల ర్యామ్‌తో, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకునే డేటాతో ఆడతారు. వారు అడిగే ప్రశ్నలు వేరు. డౌన్‌లోడ్ ఎన్ని జీబీలు, గంట ఆడితే చార్జింగ్ ఎంత దిగుతుంది, సిగ్నల్ తగ్గినప్పుడు ఆట మధ్యలో తెగిపోతుందా, పిల్లవాడు తెలియక నొక్కితే అమ్మ యూపీఐ ఖాతాలోంచి డబ్బు పోతుందా అని వాళ్లు అడుగుతారు. అమెరికాలోనో ఇంగ్లండులోనో కూర్చొని రాసిన సమీక్షలో ఈ జవాబులు దొరకవు. అలాంటి ఫోను చేతిలో ఉన్న మనిషి, అలాంటి సిగ్నల్ ఉన్న ఊళ్లో కూర్చొని, పది పన్నెండు గంటలు ఆడి చూస్తేనే దొరుకుతాయి. యూట్యూబ్ ఉండగా రాసిన సమీక్ష ఎవరికి కావాలని కొందరు అంటారు. రాయగడ జిల్లా కొండ ఊళ్లలో వీడియో గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయిన చోట కూడా మా సైటులోని పేజీ తెరుచుకుంటుందని పాఠకులు రాసిన సందర్భాలు మాకు చాలానే ఉన్నాయి.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది న్యాయమైన ప్రశ్న. తెలుగు పేజీలకు గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018 నుంచి అందుబాటులో ఉన్నాయి. అయితే ఖాతాలో వంద డాలర్లు పోగయ్యేదాకా ఆ డబ్బు బ్యాంకుకు రాదు. మా సైటుకు ప్రకటనల ఆదాయం నెలకు మూడు వేల రూపాయలు దాటడం అరుదు కనుక, మూడు నెలలకొకసారి గానీ మా చేతికి అందదు. కొంతకాలం క్రితం వరకు తెలుగు గేమ్ సైటులకు సులువుగా డబ్బు తెచ్చిపెట్టిన దారి మరొకటి ఉండేది. అది రమ్మీ, ఫాంటసీ క్రికెట్ ప్రకటనల దారి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన తర్వాత కూడా ఆ ప్రకటనలు తెలుగు తెరల మీద ఆగలేదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలనే కాక వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. ప్రకటన వేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు అందులో ఉంది. ఆ ప్రకటనలు పోవడంతో రాసినవారికి ఇవ్వడం మానేశామని చెప్పే నిర్వాహకులు నాకు తెలుసు. కుటుంబాలను అప్పులపాలు చేసిన వ్యాపారం సొమ్ముతో సమీక్షకుల కూలి చెల్లించడం ఆగిపోయినందుకు నేను విచారించను. ఆ సొమ్ము ఉన్న రోజుల్లో కూడా రాసినవారికి అందింది ఎంత తక్కువో వారే చెబుతారు.

మేము చేసింది చాలా చిన్న మార్పు. నెలకు పది పన్నెండు సమీక్షలు వేసేవాళ్లం, మూడుకు తగ్గించాం. ఆ మూడింటికీ డబ్బు ఇస్తున్నాం. ఫోను ఆట సమీక్షకు 1,500 రూపాయలు, కంప్యూటరు మీద ఆడే పెద్ద ఆటకు 5,000 రూపాయలు, ఆట ధర విడిగా. పెద్ద ఆట 40 గంటలు దాటితే ఆపైన గంటకు 80 రూపాయలు కలుపుతాం. మామూలు నెలలో ఒక పెద్ద ఆట, రెండు ఫోను ఆటలు కలిపి సమీక్షకులకు 8,000 రూపాయలు అవుతుంది. అందులో 3,000 ప్రకటనల నుంచి, మరో 3,000 నెలకు 50 రూపాయల చొప్పున పంపే 60 మంది పాఠకుల నుంచి వస్తుంది. మిగిలిన 2,000, ఆటలు కొనే ఖర్చు షాపు ఆదాయం నుంచి నేను వేస్తాను. గంటకు సుమారు వంద రూపాయలు పడే ఈ లెక్క గొప్పదని నేను అనడం లేదు. నగరాల్లో బతికేవారికి ఇది చాలదు. కాని సమీక్ష వ్రాతప్రతి అందిన రోజే సగం, ప్రచురించిన రోజు మిగతా సగం యూపీఐలో వెళ్లిపోతుంది. సమీక్ష వేయలేకపోతే, తప్పు ఎవరిదైనా సరే, మొదటి సగం వారిదే. వ్యూస్ లెక్కను చెల్లింపుకు మేము ముడిపెట్టం. ఎందుకంటే ఒక ఆట బాగోలేదని నిజం చెప్పిన సమీక్షకు వ్యూస్ తక్కువ రావచ్చు, ఆ నిజం చెప్పినందుకు కూలి తగ్గకూడదు. ఆటను ఎవరు కొన్నారో, కోడ్ ఎవరు పంపారో ప్రతి సమీక్ష మొదట్లోనే రాస్తాం.

సమీక్షలు తగ్గిస్తే పాఠకులు పోతారని భయపడ్డాను. కొందరు పోయారు కూడా. ఉన్నవారు ఎక్కువసేపు చదువుతున్నారు, నెలనెలా డబ్బు పంపుతున్నవారు వారిలోనివారే.

రాసే యువకులకు తెలియవలసిన చట్టం సంగతి కొంత ఉంది. పర్లాకిమిడి నుంచి మాకు రాసే ఒక అమ్మాయి అంతకుముందు వేరొక సైటుకు రాసిన సమీక్షలను, ఆ సైటువారు ఆమెను అడగకుండా ఇంకొకరికి ఇచ్చి వీడియోలుగా చదివించారు. అడిగితే, "డబ్బు ఇచ్చాం కదా, ఇక అది మాది" అన్నారట. 1957 నాటి కాపీరైట్ చట్టం అలా చెప్పదు. ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన సమీక్షకు మొదటి హక్కుదారు రాసిన మనిషే. ఆ హక్కును మరొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలని 19వ సెక్షన్ చెబుతోంది. బదలాయింపు పత్రంలో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని ఆ సెక్షనే చెబుతోంది. అందువల్ల సమీక్ష పంపే ముందు రెండు వాక్యాల ఈమెయిలు అయినా ఇచ్చిపుచ్చుకోవాలని, హక్కులు బదలాయించే పత్రం వస్తే చదవకుండా సంతకం చేయవద్దని నేను మా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెబుతున్నాను, ఎదుటి పక్షం నేనే అయినా సరే.

చెల్లింపు ఆలస్యమైతే చేయగలిగింది కూడా ఉంది. సేవలందించే సూక్ష్మ సంస్థగా, చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడానికి రుసుము లేదు. అలా నమోదైనవారికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం వర్తిస్తుంది. దాని 15వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులకు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన చెల్లించాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదును, ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే రాష్ట్రస్థాయి ఫెసిలిటేషన్ కౌన్సిలుకు పెట్టుకోవచ్చు. పనికి ముందే నమోదు చేసుకోవడం మేలు, తర్వాత చేసుకుంటే పాత బాకీకి పనికిరాకపోవచ్చు. పదిహేను వందల రూపాయల కోసం ఎవరూ కౌన్సిలు మెట్లెక్కరన్నది నిజమే. అయితే ఆరు నెలల బాకీ పేరుకుపోయినవారికి ఈ దారి ఉందని తెలియడం వల్లనే కొన్ని బాకీలు వసూలైన ఉదాహరణలు నా పరిచయస్తుల్లో ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో 2017 మే 15 నుంచి ఇంకా సూటియైన చట్టం అమల్లో ఉంది. 800 డాలర్లు, ఆపైన విలువగల పనికి ఫ్రీలాన్స్ మనిషితో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, గడువు రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి. స్వతంత్ర రచయితలను పేరుపెట్టి గుర్తించే అటువంటి చట్టం మన దగ్గరా రావాలని కోరుకుంటున్నాను.

మా సరిహద్దు జిల్లాలకే చెందిన ఒక సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 1936 ఏప్రిల్ 1న బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలో కలిసిన నాటి నుంచి, ఇక్కడి తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుతూ పెరిగారు. వారి రాతలో ఒత్తులు తప్పుతాయి, ఒడియా మాటలు దొర్లుతాయి, శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. ఈ కారణం చూపి, దిద్దుబాటు ఖర్చు పేరుతో వారి కూలిలో కోత పెట్టే అలవాటు కొన్ని సైటులకు ఉంది. మొదట్లో నా మనసూ అటే మొగ్గింది. జనం మాట్లాడే తెలుగు రాతకు పనికివస్తుందని జీవితమంతా వాదించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. ఆ ఊరి పిల్ల రాసిన తెలుగుకు, అది ఆ ఊరి తెలుగు అయినందుకు ధర తగ్గించడం నాకు తలవంపుగా తోచింది. ప్రూఫ్ దిద్దడం షాపులో మేము ఎలాగూ రోజూ చేసే పని. దానికి రాసినవారి దగ్గర కోసుకోవలసిన అవసరం లేదు.

గుణుపురం కుర్రవాడి పదకొండు సమీక్షలకు, ఇప్పటి రేటున, 16,500 రూపాయలు లెక్కగట్టి నెలకు 1,500 చొప్పున పదకొండు నెలల్లో పంపాను. అతడు మళ్లీ రాయలేదు, రాయమని నేనూ అడగలేదు.

మీ యువత పేజీ చదివే పిల్లలు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చే పత్రిక ఆలస్యంగా చేరినా ఆ పేజీ కోసం ఎదురుచూస్తారు. రాసి సంపాదించుకొమ్మని చెప్పే వ్యాసం ఇకముందు అచ్చు వేసినప్పుడు, ఆ పని ఇచ్చేవారు ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, రాసినదాని మీద హక్కు ఎవరికి ఉంటుంది అన్న మూడు వివరాలను కూడా వారి నుంచి తెప్పించి దాని కిందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు నిర్వాహకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా